పుల్‌త్రూతో రైఫిల్ బ్యారెల్ శుభ్రం చేయడం: చిందీ కొలత, లాగే తీరు, ఇరుక్కుంటే చేయాల్సింది

పాత రైఫిల్ గురి చెదిరిపోతుంటే అందరూ ముందు సైట్లను అనుమానిస్తారు. అంతకన్నా ముందు చూడాల్సింది బ్యారెల్ (తూటా వెళ్లే గొట్టం) మూతిని. పుల్‌త్రూని, అంటే బ్యారెల్ తుడవడానికి లోపలి నుంచి లాగే తాడును, ఏళ్ల తరబడి పక్కకు వంచి లాగితే అది మూతి అంచుకు ఒకే చోట రాసుకుంటుంది. తాడు మెత్తటిదే, కానీ దాని పోగుల్లో ఇరుక్కున్న ఇసుక మెత్తటిది కాదు, ఉక్కును కోసేస్తుంది. తూటా బ్యారెల్‌ను వదిలే చివరి చోటు ఆ అంచే. అది ఒకవైపు అరిగితే తూటా వెనకున్న గ్యాస్ ముందు అటువైపు నుంచే తన్నుకొచ్చి తూటాను పక్కకు నెడుతుంది. కాబట్టి ఎన్నిసార్లు తుడిచారన్నదాని కన్నా తాడును ఏ దిశలో లాగారన్నదే ముఖ్యం.

ఇక్కడ చెప్పేదంతా ఎన్‌సీసీ క్యాడెట్లకు, లైసెన్సుదారులకు తారసపడే బోల్ట్ రైఫిళ్లను, అంటే .303 లీ ఎన్‌ఫీల్డ్, .22 రైఫిళ్లను దృష్టిలో పెట్టుకుని. మిగతా రైఫిళ్లకూ సూత్రం ఇదే, చిందీ కొలతలే మారతాయి.

పనిముట్టు

.303తో వచ్చే పుల్‌త్రూలో ఒక చివర సన్నటి ఇత్తడి బరువు, దానికి గట్టి తాడు, ఆ తాడు రెండో చివర వరసగా మూడు ఉచ్చులు ఉంటాయి. బరువుకు దగ్గరగా ఉన్న మొదటి ఉచ్చు ఇనప జాలీకి (మొండి మురికిని గీకే తీగల అల్లికకు), రెండోది చిందీకి, అంటే తుడిచే గుడ్డ ముక్కకు. మూడోది మామూలుగా ఖాళీగానే ఉంటుంది. చిందీ లోపల ఇరుక్కుంటే ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడు) వెనక్కి లాగడానికే దాన్ని పెట్టారు. గుడ్డ పెట్టడానికి సులువుగా ఉందని మూడో ఉచ్చును వాడేవాళ్లున్నారు. గుడ్డ ఇరుక్కున్న రోజున పట్టుకు ఏమీ మిగలదు. పుల్‌త్రూ, నూనె బుడ్డి రెండూ బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం) వెనక ఇత్తడి మూత కింద ఉన్న గూటిలో పడతాయి.

పని మొదలుపెట్టే ముందు తాడును వేళ్ల మధ్య నుంచి మొత్తం జార్చి చూడండి. పోగులు లేచినా, ఎక్కడైనా సన్నబడినా, ఉచ్చు కుట్టు ఊడుతున్నా ఆ తాడు వద్దు. ముడి వేసి అతికించిన తాడు అసలే వద్దు. ముడి ఉన్నచోటే తెగుతుంది, అదీ బ్యారెల్ నడిమధ్యలో. తాడు మురికిగా ఉంటే సబ్బునీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టండి. నేలమీద పడిన తాడును దులపకుండా బ్యారెల్‌లోకి పంపకూడదు.

చిందీ అంటే ఫ్లానెల్ గుడ్డ ముక్క. .303కు పొడిగా తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ముక్క వాడతారు. నూనె పూయడానికి పొడవు అంతే, వెడల్పు మాత్రం ఒకటిన్నర అంగుళం. ఈ అరంగుళం తేడాకు కారణం ఉంది. గుడ్డ బిగుతుగా ఉంటే నూనె అంతా బ్యారెల్ మొదట్లోనే పిండుకుపోతుంది, చివరిదాకా పొర పరుచుకోదు. ఫ్లానెల్ దొరక్కపోతే బాగా ఉతికిన పాత నూలు బనియన్ గుడ్డ పనికొస్తుంది. పాలిస్టర్ వద్దు. పీచు రాలే గోనె, తువ్వాలు లాంటివి వద్దు.

రైఫిల్ ఖాళీ చేయడం

మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీయాలి. బోల్ట్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే కడ్డీ) తెరవాలి. ఛాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గూటిలోకి, కంటితో చూడాలి, తర్వాత చిటికెన వేలు పెట్టి తడమాలి. వెలుతురు చాలనప్పుడు కన్ను మోసపోవచ్చు. తూటాలు అదే బల్ల మీద ఉండకూడదు, ఇంకో గదిలో ఉండాలి. ఇది రోజూ చేసే పనేనని తేలిగ్గా తీసుకునే చోటే ప్రమాదాలు జరుగుతాయి.

తర్వాత బోల్ట్‌ను పూర్తిగా బయటికి తీయాలి. లీ ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ను వెనక్కి లాగి, దాని తలను పైకి తిప్పితే పట్టాలోంచి విడిపోతుంది. క్యాంపులో పది రైఫిళ్లు ఒకేసారి విప్పితే బోల్ట్‌లు తారుమారవుతాయి. బోల్ట్ మీద, రైఫిల్ మీద ఒకే నంబర్ ఉందో లేదో సరిపోల్చుకోండి. వేరే రైఫిల్ బోల్ట్ నున్నగా దిగినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. బోల్ట్ తలకూ ఛాంబర్‌లో కూర్చున్న తూటా అడుగుకూ మధ్య ఉండాల్సిన సందు మారిపోయి, పేల్చినప్పుడు తూటా తొడుగు చిరగొచ్చు.

లాగే తీరు

రైఫిల్ మూతిని కిందికి వంచి, బోల్ట్ తీసిన చోటు నుంచి ఇత్తడి బరువును వదిలితే అది దానంతటదే జారి మూతి నుంచి బయటికి వస్తుంది. మూతి నేలకు ఆనకూడదు. లీ ఎన్‌ఫీల్డ్ బ్యారెల్ 25.2 అంగుళాలు, అంటే దాదాపు 64 సెంటీమీటర్లు. చిందీ ఇంకా వెనకవైపే ఉండగా, మూతి ముందు చేతికి పట్టు దొరికేంత తాడు బయట ఉండాలి.

చిందీని ఉచ్చులోకి సగం వరకు దూర్చి, రెండు సగాలను తాడు చుట్టూ ఎదురెదురు దిశల్లో సమంగా చుట్టండి. ఒకవైపే ఉండలా పోగైతే గుడ్డ గాడుల్లోకి దిగకుండా పక్కకు జారిపోతుంది. .303 బ్యారెల్ లోపల మామూలుగా ఐదు మెలికల గాడులుంటాయి. మురికి పేరుకునేది ఆ గాడుల మూలల్లోనే.

ఇద్దరుంటే పని హాయిగా జరుగుతుంది. ఒకరు రైఫిల్‌ను అడ్డంగా గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు ఎదురుగా నిలబడి తాడును బ్యారెల్‌కు సరిగ్గా సూటిగా లాగాలి. ఒక్కరే అయితే బట్‌ను మడిచిన గోనె సంచి మీద నిలబెట్టి, ఎడమచేత్తో బ్యారెల్ పట్టుకుని, కుడిచేత్తో నిట్టనిలువుగా పైకి లాగండి. చెయ్యి పైకి పోయేకొద్దీ మోచెయ్యి మన వైపు వంగుతుంది, తాడు మూతి అంచుకు ఆనేది అక్కడే. లాగుతూ తాడును చూడకండి, మూతిని చూడండి. తాడు రంధ్రం నడిమధ్యలో ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

తాడును వేళ్లకు చుట్టుకోవద్దు, కోసుకుపోతుంది. జానెడు కర్రముక్కకు రెండు చుట్లు వేసి పట్టుకోండి. ఒకే ఊపులో, ఆపకుండా లాగాలి. మధ్యలో ఆగితే గుడ్డ అక్కడే ఉబ్బి బిగుసుకుంటుంది, మళ్లీ కదిలించడానికి రెట్టింపు బలం కావాలి. ముందుకూ వెనక్కీ ఆడించకూడదు. చిందీ టప్‌మని బయటపడగానే ఇత్తడి బరువు ఊగుతుంది, మొహం దూరంగా ఉంచండి.

బిగువు సరిపోయిందా అన్నది చేతికే తెలుస్తుంది. రెండు వేళ్లతో జారిపోతే గుడ్డ చాలలేదు, గాడుల దాకా చేరడం లేదు. కాలు తన్నిపెట్టి లాగాల్సి వస్తే ఎక్కువైంది. ఒక మనిషి నిలకడగా, ఉసురుసురనకుండా లాగగలిగే బిగువు సరైనది.

వరస

కాల్పులు అయిన వెంటనే, బ్యారెల్ ఇంకా వెచ్చగా ఉండగానే మొదలుపెడితే మురికి తేలిగ్గా వదులుతుంది. మొదట నూనెతో తడిపిన చిందీని ఒకసారి లాగి, పది పదిహేను నిమిషాలు వదిలేయండి. తర్వాత పొడి చిందీలు, ఒక్కోటి ఒక్కసారి. మురికి చిందీని తిప్పి మళ్లీ వాడితే ఇందాక తీసిన మసినే లోపలికి పంపినట్టు. నాలుగైదు ముక్కలకు గుడ్డ దాదాపు తెల్లగా వస్తుంది. మచ్చలేని తెలుపు కోసం ముక్కలు తగలేయనక్కర్లేదు.

గుడ్డ మీది రంగు చదవడం నేర్చుకోండి. నలుపు మందు మసి. వెండిలా మెరిసే బూడిద రంగు సీసం, ఇది .22లో మామూలే. ఆకుపచ్చ, నీలం ఛాయలు రాగి. ఇటుక రంగు తుప్పు. తుప్పు రంగు వస్తే ఇంకోసారి నూనె పట్టించి రాత్రంతా ఉంచి, మర్నాడు మళ్లీ తుడవాలి. అప్పటికీ వస్తుంటే ఆర్మరర్‌కు చూపించాలి.

ఇనప జాలీ ఆఖరి ఆయుధం. దాన్ని నూనెలో ముంచకుండా లాగితే బ్యారెల్ గీతలు పడుతుంది. సైన్యంలో పై అధికారి అనుమతి లేకుండా జాలీ వాడనివ్వకపోవడంలో అర్థముంది. క్యాడెట్లు దాని జోలికి పోనక్కర్లేదు.

పుల్‌త్రూ ఛాంబర్‌ను శుభ్రం చేయదు, చాలామంది మరిచిపోయేది దీన్నే. ఛాంబర్ బ్యారెల్ కన్నా వెడల్పు, చిందీ దాని గోడలకు తగలకుండానే వెళ్లిపోతుంది. సన్నటి కర్రకు గుడ్డ చుట్టి, ఛాంబర్‌లో గుండ్రంగా తిప్పి విడిగా తుడవాలి. అక్కడ మురికి మిగిలితే పేలిన తొడుగు బయటికి రాక మొరాయిస్తుంది.

చివర్లో నూనె పొర. చిందీ మీద నాలుగైదు చుక్కలు వేసి వేళ్లతో పిసికి, గుడ్డంతా పాకించి లాగండి. లోపల మెరుపు కనబడాలి, చుక్క జారకూడదు. బ్యారెల్ వెనక తెల్ల కాగితం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే గాడులు మూతిదాకా పదునుగా, అంచు చుట్టూ ఒకేలా కనబడతాయి. ఒకవైపు గాడి చివర గుండ్రంగా అరిగి ఉంటే అది తాడు కోతే.

ఏ నూనె

ఆయుధాల కోసం అమ్మే పల్చటి ఖనిజ నూనె మేలు. అది అందనప్పుడు కుట్టుమిషన్ నూనె కొన్నాళ్లకు పనికొస్తుంది. కొబ్బరినూనె, ఆముదం, వంటనూనెలు వద్దు. గాలి తగిలి జిగురు కడతాయి, చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది కూడా. కిరోసిన్ మసిని బాగా కరిగిస్తుంది కానీ తుప్పును ఆపదు. కిరోసిన్‌తో తుడిస్తే వెంటనే పొడి చిందీ, ఆపైన నూనె తప్పనిసరి.

పాత సైనిక తూటాలు పేల్చితే నూనె ఒక్కటే సరిపోదు. వాటి ప్రైమర్‌లో (మందును అంటించే అడుగు బిళ్లలో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక అది పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. అది ఒక లవణం, ఉప్పులాగే గాలిలో తేమను లాగి ఉక్కును తినేస్తుంది. లవణం నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. అందుకే గరాటా పెట్టి, బోల్ట్ తీసిన వైపు నుంచి రెండు మూడు లీటర్ల మరిగే నీళ్లు బ్యారెల్ గుండా పోస్తారు. నీళ్లు చెక్క మీద, ట్రిగ్గర్ భాగాల్లోకి పడకూడదు. బ్యారెల్ కాలేంత వేడెక్కుతుంది, గుడ్డతో పట్టుకోండి. ఆ వేడికి లోపలి తడి చాలావరకు దానంతటదే ఆరిపోతుంది. తర్వాత పొడి చిందీలు, నూనె. తూటా ఎలాంటిదో తెలియకపోతే ఇలాంటిదే అనుకుని కడగడం మంచిది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఒక్క రాత్రి వదిలేసినా ఎర్రటి పొడి మొదలవుతుంది. ఎలాగూ కాల్పుల తర్వాత వరసగా మూడు రోజులు రోజుకోసారి తుడవడం పాత పద్ధతి, మొదటిరోజు దొరకని మురికి ఆ తర్వాత బయటపడుతుంది.

ఇరుక్కుంటే

చిందీ మధ్యలో ఆగిపోతే ఇద్దరు ముగ్గురు కలిసి లాగొద్దు. తాడు తెగితే చిన్న చిక్కు పెద్దదవుతుంది. రెండు వైపుల నుంచీ నూనె పోసి అరగంట నానబెట్టండి. తర్వాత మూడో ఉచ్చు చేతికి అందితే దానికి ఇంకో గట్టి తాడు కట్టి, వచ్చిన దారినే వెనక్కి లాగి చూడండి. రాకపోతే అక్కడితో ఆపి ఆర్మరర్ దగ్గరికో, లైసెన్సున్న తుపాకుల దుకాణానికో తీసుకెళ్లాలి. ఇనప ఊచతో పొడవడం, గుడ్డను కాల్చేయాలని చూడటం బ్యారెల్‌కు చేటు. తూటా పేల్చి గుడ్డను బయటికి పంపుదామనుకుంటే బ్యారెల్ పగులుతుంది, మనిషి ప్రాణమూ పోవచ్చు. తాడు తెగిన రైఫిల్‌కు అప్పటికప్పుడు చీటీ కట్టి పక్కన పెట్టండి, తెలియక ఇంకొకరు తీసుకెళ్లకుండా.

.22 సంగతి

.22 లోపలి వ్యాసం దాదాపు 5.6 మిల్లీమీటర్లు, .303ది 7.7. ఆ పుల్‌త్రూ ఇందులో దూరదు, బలవంతం చేయొద్దు. సన్నటి బరువున్నది విడిగా దొరుకుతుంది. చిందీని .303 ముక్కలో మూడోవంతుతో మొదలుపెట్టి, బిగువు చూసుకుంటూ పెంచండి. .22 తూటా మెత్తటి సీసం, దాని మీద మైనం లాంటి పూత. ఇప్పటి .22 ప్రైమర్లు లవణం వదలవు కనుక నీళ్లతో పనిలేదు. రోజూ తోమాల్సిన అవసరమూ లేదు, అతిగా తోమడమే చేటు.

ఇప్పుడు బోర్ స్నేక్ పేరుతో అల్లిన తాడు అమ్ముతున్నారు. కంచు బ్రష్ అందులోనే ఉంటుంది, చిందీ పెట్టే పనిలేదు. రేంజ్‌లో రెండు నిమిషాల్లో పనైపోతుంది. తీసిన మసినంతా తనలోనే దాచుకుంటుంది, అదే దాని లోపం. ఉతక్కుండా వాడితే మసిని పూసినట్టే. ఒక్కో క్యాలిబర్‌కు (బ్యారెల్ లోపలి కొలతకు) ఒకటి ఉంచుకుని, సబ్బునీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే వాడండి. సీసం గట్టిగా పేరుకుపోయిన బ్యారెల్‌కు మాత్రం తాడు కన్నా రాడ్, కంచు బ్రష్ నయం.

కాల్పులకు ముందు, దాచేటప్పుడు

కాల్చే ముందు బ్యారెల్‌లో, ఛాంబర్‌లో నూనెను పొడి చిందీతో పూర్తిగా తీసేయాలి. బ్యారెల్‌లో నూనె ఉంటే మొదటి తూటా గురి తప్పుతుంది. ఛాంబర్ జిడ్డుగా ఉంటే తొడుగు గోడలను పట్టుకోలేక బోల్ట్ మీద తోపు పెరుగుతుంది.

దాచేటప్పుడు బ్యారెల్‌లో గుడ్డ కుక్కవద్దు. తేమ అక్కడే నిలుస్తుంది, మరిచిపోయి పేల్చే ప్రమాదమూ ఉంది. తోలు కవరులో నెలల తరబడి ఉంచకూడదు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఎన్నికల నియమావళి అమల్లో ఉన్నప్పుడు లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటారు, వారాల తరబడి అక్కడే ఉంటాయి. అప్పగించే రోజున నూనె పొరను మామూలు కన్నా మందంగా వేయండి, మూతి అంచుకు, బోల్ట్ తలకు వేలితో పూయండి. తెచ్చుకున్నాక ముందు ఖాళీ అని చూసి, అదే రోజు ఒక పొడి చిందీ లాగి రంగు చూడండి. ఇటుక రంగు లేకపోతే కొత్త నూనె పూసి పెట్టేయొచ్చు.