సెకండ్ హ్యాండ్ అక్వేరియం పంపు: కడిగిన తర్వాతా వదలని సమస్యలు

సమస్య: పంపు గరగరలాడుతోంది, నీటిని బలంగా తోయడం లేదు.
ఇలాంటి పంపుల్లో చాలావాటికి పైడొప్ప తళతళలాడుతూనే ఉంటుంది. ఇంపెల్లర్ (లోపల తిరుగుతూ నీటిని తోసే చిన్న చక్రం) మూతను మాత్రం ఎవరూ విప్పి ఉండరు. ప్లగ్గు తీసి, అయస్కాంతంతో సహా ఇంపెల్లర్‌ను బయటికి లాగి, అది తిరిగే గుంతను పాత టూత్‌బ్రష్‌తో తోమండి. జాగ్రత్త, అది తిరిగే సెరామిక్ షాఫ్ట్ (ఇరుసు) వంగదు, విరుగుతుంది. ఈ పని చేయకుండా మరో కారణం వెతకడం దండగ.

సమస్య: చేపలు బాగానే ఉన్నాయి, రొయ్యలు, నత్తలు చనిపోతున్నాయి.
తెల్లమచ్చల జబ్బుకు వాడే కొన్ని మందుల్లో రాగి ఉంటుంది. నాచును చంపడానికి వేసే మైలుతుత్తం కూడా రాగి లవణమే. పాత యజమాని అలాంటి మందు వేసిన తొట్టెలో ఈ పంపును నడిపి ఉంటే, బోరు నీటివల్ల లోపల పేరుకునే సున్నపు గారలో కొంత రాగి కలిసి గట్టిపడి ఉండవచ్చు. ఉత్త నీళ్లతో ఎంత కడిగినా ఆ గార కదలదు. మీ తొట్టె నీరు కాస్త ఆమ్లంగా ఉంటే, ముఖ్యంగా మొక్కల కోసం కార్బన్ డయాక్సైడ్ ఇస్తూ ఉంటే, గార నెమ్మదిగా కరుగుతూ రాగిని వదులుతుంది. చేపలు తట్టుకునే మోతాదు కూడా రొయ్యలను చంపగలదు. చావులు ఆలస్యంగా మొదలవుతాయి కనుక అందరూ మేతనో అమ్మోనియానో అనుమానిస్తారు గాని పంపు జోలికి పోరు.

గారను తొట్టెలో కాదు, బకెట్‌లోనే కరిగించాలి. తెల్ల వెనిగర్, నీరు సమపాళ్లలో కలిపి, విప్పిన భాగాలను బుడగలు ఆగేదాకా నానబెట్టి తోమండి. ఆ నీటిని పారబోసి, పంపును బిగించి, మంచినీటిని మారుస్తూ కొన్నిసార్లు నడపండి. చివరిసారి కొద్దిపాటి నీటిలోనే రాత్రంతా నడిపి, ఆ నీటినీ కొళాయి నీటినీ రాగి టెస్ట్ కిట్‌తో పోల్చి చూడండి. నీరు తక్కువైతే రాగి టెస్టులో తేలికగా కనబడుతుంది. తేడా ఉంటే మళ్లీ నానబెట్టండి. అప్పటికీ తేడా పోకపోతే ఆ పంపును రొయ్యల తొట్టెలో పెట్టకండి. పంపుతో వచ్చిన పాత స్పాంజిని కడగవద్దు, పారేయండి.

సమస్య: నీటిపై నురగ, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి.
పంపును సబ్బుతో కడిగి ఉండవచ్చు. వెంటనే దాన్ని తీసేసి, సగం నీరు మార్చి, ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేయండి.

రోగక్రిముల భయం ఉన్నవారు బ్లీచ్ వాడవచ్చు. కానీ వెనిగర్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది కాబట్టి రెండింటినీ వేర్వేరు రోజుల్లో వాడి, బ్లీచ్ తర్వాత యాంటీ క్లోరిన్ కలిపిన నీటిలో నానబెట్టండి.

సమస్య: పంపు వేయగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్) పడిపోతోంది.
వైరు తొడుగో, మోటారును మూసిన ఎపాక్సీ జిగురో పగిలి ఉండవచ్చు. టేపు చుట్టి వాడకండి, పారేయండి.