డిపోలన్నిటికీ స్కోరు 1 వస్తోందా? డీఈఏ లెక్కలో తప్పు ఎక్కడ వెతకాలి

వరంగల్, హనుమకొండల్లో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివేవాళ్లకు ప్రాజెక్టు చేయడానికి ఆర్టీసీ డిపోల కన్నా మంచి అంశం దొరకదని నా అభిప్రాయం. వరంగల్ రీజియన్‌లో తొమ్మిది డిపోలున్నాయి: వరంగల్-1, వరంగల్-2, హనుమకొండ, జనగామ, పరకాల, నర్సంపేట, తొర్రూరు, మహబూబాబాద్, భూపాలపల్లి. అందరూ చేసేది ఒకే పని, బస్సులు నడపడం. ఇలాంటివాటిని పోల్చడానికే 1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ డేటా ఎన్వలప్‌మెంట్ అనాలిసిస్ తెచ్చారు. అందరూ డీఈఏ అంటారు. ఆ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో వాళ్ల మోడల్‌ను సీసీఆర్ అంటారు. ప్రతి డిపోకూ తనకు బాగా కలిసొచ్చే వెయిట్లు (వాడిన వనరుల్లో, చేసిన పనిలో దేనికి ఎంత ప్రాధాన్యమో చెప్పే అంకెలు) ఎంచుకునే వీలిచ్చి, అవే వెయిట్లతో మిగతా డిపోలతో పోలుస్తాం. అంత వెసులుబాటు ఇచ్చాక కూడా గరిష్ఠ స్కోరు 1 రాలేదంటే ఎక్కడో వెనకబడినట్టే లెక్క.

ఆ మాట ఒక డిపో సిబ్బంది అందరి మీదా ముద్ర వేస్తుంది. అందుకే రిపోర్టు ఇచ్చే ముందు కింది లక్షణాలు కనిపిస్తున్నాయేమో చూసుకోండి. సాల్వర్ (లెక్క చేసే సాఫ్ట్‌వేర్) 'ఆప్టిమల్' అని చూపించినంత మాత్రాన సరిపోదు. చాలాసార్లు తప్పు మనం దాన్ని అడిగిన ప్రశ్నలోనే ఉంటుంది.

లక్షణం: తొమ్మిదింటిలో ఏడెనిమిది డిపోలకు 1 వచ్చింది

చూడటానికి శుభవార్తలా ఉంటుంది. నిజానికి మోడల్ ఎవరినీ పోల్చలేకపోయిందని అర్థం. ఇన్‌పుట్లు మూడు (బస్సులు, సిబ్బంది, డీజిల్), అవుట్‌పుట్లు మూడు (తిరిగిన కిలోమీటర్లు, ప్యాసింజర్ కిలోమీటర్లు, ఆదాయం) పెట్టారనుకుందాం. ప్రతి డిపోకూ తాను ముందున్న ఏదో ఒక నిష్పత్తి దొరుకుతుంది. ఒకరికి డీజిల్‌కు కిలోమీటర్లు, ఇంకొకరికి సిబ్బందికి ఆదాయం. బరువంతా దాని మీద వేసి మిగతా వెయిట్లు సున్నా చేసుకుంటారు.

దీనికి వాడుకలో ఉన్న ఒక కొలత: యూనిట్ల (పోల్చేవాటి, ఇక్కడ డిపోల) సంఖ్య, ఇన్‌పుట్లు అవుట్‌పుట్లు కలిపిన సంఖ్యకు మూడు రెట్లైనా ఉండాలి. రెండింటి లబ్ధం అంతకన్నా పెద్దదైతే అంతైనా ఉండాలి. మన ఉదాహరణలో కనీసం 18 డిపోలు కావాలి. ఉన్నవి తొమ్మిదే.

ముందు వేరియబుల్స్ తగ్గించండి. బస్సులు, సిబ్బంది ఇన్‌పుట్లుగా, ప్యాసింజర్ కిలోమీటర్లు ఒక్కటే అవుట్‌పుట్‌గా పెడితే తొమ్మిది డిపోలు సరిగ్గా సరిపోతాయి. అదీ కుదరకపోతే కరీంనగర్, ఖమ్మం, ఆదిలాబాద్ రీజియన్ల డిపోలు కలుపుకోండి. హైదరాబాద్ సిటీ డిపోలను మాత్రం కలపొద్దు, ఆ ట్రాఫిక్ వేరు, ఆ పని వేరు. మూడో దారి విండో అనాలిసిస్: ఒకే డిపోను ఒక్కో నెలకు ఒక్కో యూనిట్‌గా లెక్కేయడం. యూనిట్లు పెరుగుతాయి కానీ ఒకే డిపో నెలలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి దాన్ని కొత్త సమాచారమంతటిగా లెక్కగట్టకండి.

వేరియబుల్స్ తగ్గించాక కూడా 1 వచ్చిన డిపోల వెయిట్లు ప్రింట్ చేసి చూడండి. ఎక్కడ సున్నాలున్నాయో అక్కడ వెయిట్లకు హద్దులు పెట్టాలి, లేదా 2001లో టోన్ ప్రతిపాదించిన స్లాక్ ఆధారిత మోడల్‌కు మారాలి. అందులో మిగిలిపోయిన ప్రతి స్లాకూ, అంటే ఇంకా తగ్గించగలిగిన ఇన్‌పుట్ లేదా పెంచగలిగిన అవుట్‌పుట్, స్కోరును తగ్గిస్తుంది, దాక్కోవడానికి చోటుండదు.

చేతిలో ఉన్న కొద్దిపాటి డేటాకు అతుక్కుపోయి అసలు సరిహద్దును (ఉన్న వనరులతో సాధించగల అత్యుత్తమ పని గీతను) డీఈఏ సరిగా పట్టుకోలేదన్న విషయం మీదే ఈమధ్య పరిశోధన చాలా జరుగుతోంది. 2012లో క్యూస్మానెన్, కోర్టెలైనెన్ తెచ్చిన స్టోన్డ్ పద్ధతి డేటాలోని గందరగోళాన్ని అసమర్థత నుంచి వేరు చేయాలని చూస్తుంది. 2020లో ఎస్తేవే, అపారిసియో బృందం డెసిషన్ ట్రీల ఆలోచనను సరిహద్దు గీయడానికి వాడింది. రెండూ చదవదగ్గవే. కానీ తొమ్మిది వరుసల డేటా మీద ఏ కొత్త పద్ధతీ అద్భుతాలు చేయదు.

లక్షణం: అద్దె బస్సులు ఎక్కువున్న డిపోయే ఎప్పుడూ ముందుంటోంది

దీన్ని కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ గణితం తప్పు కాదు, రిజిస్టరు తప్పూ కాదు. అద్దె బస్సులో డ్రైవర్ యజమాని తాలూకు మనిషి, కండక్టర్ సంస్థ మనిషి. డిపో సిబ్బంది లెక్కలో ఆ డ్రైవర్ ఉండడు, ఆ బస్సు తిరిగిన కిలోమీటర్లు మాత్రం డిపో ఖాతాలో పడతాయి. ఇన్‌పుట్ సగం, అవుట్‌పుట్ మొత్తం. సొంత బస్సులు నడిపే పక్క డిపోకు 0.80 వచ్చిందంటే అందులో కొంత ఈ తేడాయే.

అద్దె బస్సుల డ్రైవర్లను కూడా సిబ్బందిలో కలపడం నా దృష్టిలో మేలైన దారి. జీతాలు, అద్దె చార్జీలు కలిపి రూపాయల్లో ఒకే ఇన్‌పుట్‌గా పెట్టొచ్చని కొందరంటారు. కానీ సీనియర్ డ్రైవర్లు ఎక్కువున్న డిపోకు జీతాల బిల్లే ఎక్కువ, అది వాళ్ల పనితీరు కాదు. కలిపాక మళ్లీ రన్ చేసి, వెనకబడిన ప్రతి డిపోకూ మోడల్ ఎవరిని ఆదర్శంగా చూపిస్తోందో, అంటే ఎవరి లాంబ్డా (పోలిక కోసం కలిపే మిశ్రమంలో ఆ డిపో వాటా) సున్నా కన్నా ఎక్కువుందో చూడండి. ఆ జాబితాలో అదే పేరు పదేపదే వస్తుంటే ఆ డిపో లెక్కలు ఇంకోసారి తిరగేయాలి.

ఎలక్ట్రిక్ బస్సులు వచ్చిన డిపోకు డీజిల్ ఇన్‌పుట్ పెడితే ఇదే జబ్బు, ఇంకా తీవ్రంగా. డీజిల్ బదులు ఇంధన ఖర్చు పెట్టండి.

లక్షణం: సీసీఆర్‌లో, డిపో సైజును లెక్కలోకి తీసుకునే బీసీసీలో పెద్ద డిపోలకు ఒకే స్కోరు, చిన్నవాటికి మాత్రం తేడా

ఇది కోడ్‌లో తప్పు. అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు చూడండి. నాలుగు డిపోలు: 60 బస్సులు, 9 యూనిట్ల అవుట్‌పుట్, 100కు 20, 150కి 36, 200కు 42. సీసీఆర్‌లో అందరి కన్నా మంచి నిష్పత్తి 150 బస్సులదే, 0.24. దాంతో పోలిస్తే స్కోర్లు వరసగా 0.625, 0.833, 1, 0.875. 1984లో బ్యాంకర్, చార్న్స్, కూపర్ తెచ్చిన బీసీసీ మోడల్ డిపో సైజును లెక్కలోకి తీసుకుంటుంది. అందులో రావాల్సినవి 1, 0.967, 1, 1. రెండో డిపోకు 0.967 ఎలా వచ్చిందంటే, మొదటిది 59 శాతం, మూడోది 41 శాతం కలిపితే 20 యూనిట్ల పని సుమారు 96.7 బస్సులతో అయిపోతుంది, ఇక్కడేమో 100 వాడారు.

మీకు 200 బస్సుల డిపోకు బీసీసీలోనూ 0.875 వచ్చిందంటే కారణం ఇదీ: వెయిట్ల రూపంలో రాసిన బీసీసీలో ఒక వేరియబుల్ రుణాత్మకం కావచ్చు, ధనాత్మకమూ కావచ్చు. పైథాన్‌లోని సైపై లైబ్రరీలో ఇలాంటి లెక్కలు చేసే లైన్‌ప్రోగ్‌కు బౌండ్స్ (హద్దులు) ఇవ్వకపోతే ప్రతి వేరియబుల్‌నూ సున్నా, ఆపైనే అనుకుంటుంది. దాంతో సైజు సవరణ ఒకవైపే పనిచేస్తుంది. ఆ వేరియబుల్‌కు ముందు మైనస్ గుర్తు పెట్టి రాసుంటే దెబ్బ పెద్ద డిపోలకు కాకుండా చిన్నవాటికి తగులుతుంది.

ఆ ఒక్క వేరియబుల్‌కు బౌండ్స్ రెండువైపులా నన్ (None, హద్దు లేదు) అని ఇవ్వండి. లాంబ్డాల మొత్తం 1 అనే రూపంలో కూడా రాసి రెండూ రన్ చేయండి, ప్రతి డిపోకూ ఒకే జవాబు రావాలి. ఏ డిపోకైనా బీసీసీ స్కోరు సీసీఆర్ కన్నా తక్కువొస్తే ఇంకేం ఆలోచించకుండా కోడ్ తెరవండి, అలా రావడం అసాధ్యం. లైన్‌ప్రోగ్ కనిష్ఠం మాత్రమే వెతుకుతుందని, గరిష్ఠం కావాలంటే గుర్తు మార్చాలని కూడా గుర్తుంచుకోండి.

లక్షణం: 0.99999998 వచ్చిన డిపోను 'అసమర్థం' జాబితాలో వేశారు

దీనికి పెద్ద కథ లేదు. లైన్‌ప్రోగ్ వాడే హైస్ సాల్వర్ మామూలుగా 0.0000001 దాకా తేడాను పట్టించుకోదు. ఒక కాలమ్‌లో 80 బస్సులు, ఇంకో కాలమ్‌లో కోట్లలో ప్యాసింజర్ కిలోమీటర్లు ఉంటే ఇలాంటి తేడాలు ఇంకా పెరుగుతాయి. ప్రతి కాలమ్‌నూ దాని సగటుతో భాగించండి, సీసీఆర్, బీసీసీ స్కోర్లు దానివల్ల మారవు. 1తో పోల్చేటప్పుడు చిన్న మార్జిన్ ఇవ్వండి.

లక్షణం: ఓఆర్, ఈపీకే, కేఎంపీఎల్ పెట్టగానే ర్యాంకులు తలకిందులయ్యాయి

ఓఆర్ అంటే సీట్లు నిండిన శాతం, ఈపీకే అంటే కిలోమీటరుకు ఆదాయం, కేఎంపీఎల్ అంటే లీటరుకు కిలోమీటర్లు. డిపోలో అందరి నోటా ఉండే అంకెలివే కాబట్టి పెట్టాలనిపిస్తుంది. కానీ మూడూ నిష్పత్తులు. రెండు డిపోలను సగం సగం కలిపితే కిలోమీటర్లు సగం సగం కలుస్తాయి గానీ, ఓఆర్ అలా కలవదు. సీసీఆర్‌లో ఓఆర్‌ను రెట్టింపు చేస్తే 130 శాతం దాకా పోతుంది! ఓఆర్ బదులు ప్యాసింజర్ కిలోమీటర్లు, ఈపీకే బదులు మొత్తం ఆదాయం, కేఎంపీఎల్ బదులు లీటర్లు పెట్టండి. నిష్పత్తులే తప్ప వేరే డేటా దొరకని పరిస్థితి అయితే, వాటి కోసమే 2015లో ఓలెసెన్, పీటర్సన్, పోడినోవ్‌స్కీ ఇచ్చిన మోడళ్లున్నాయి.

లక్షణం: ఒక్క నెల వల్ల అందరి స్కోర్లూ పడిపోయాయి

ఆ నెల 2024 ఫిబ్రవరేమో చూడండి. మేడారం జాతర ఆ నెల 21 నుంచి 24 వరకు జరిగింది. రాష్ట్రం నలుమూలల నుంచి బస్సులు, సిబ్బంది ఇటు వస్తారు. బస్సు ఒక డిపో లెక్కలో, దాని కిలోమీటర్లు ఇంకో డిపో లెక్కలో పడితే ఆ నెల యూనిట్ సరిహద్దును పైకి లాగేస్తుంది, మిగతావన్నీ దాని ముందు వెలవెలబోతాయి.

అండర్సన్, పీటర్సన్ 1993లో ఇచ్చిన సూపర్ ఎఫిషియెన్సీ వాడి, ఆ యూనిట్‌ను పక్కనపెట్టి దాని స్కోరు ఎంతొస్తుందో చూడండి. 1.1 అయితే మామూలే. 2 దాటితే జాతర రోజుల ట్రిప్పులు విడదీసి మళ్లీ లెక్కేయాలి. బీసీసీలో ఈ లెక్క కొన్నిసార్లు 'ఇన్‌ఫీజిబుల్' అంటుంది. అది బగ్ కాదు, ఆ యూనిట్‌తో పోల్చదగ్గది మిగిలినవాటిలో లేదని అర్థం.

లక్షణం: 2024లో అన్ని డిపోల ఉత్పాదకతా ఒక్కసారిగా మారింది

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది. వాళ్లకిచ్చే జీరో టికెట్ల మొత్తాన్ని ఆదాయంలో కలిపారా లేదా అన్నదాన్ని బట్టి, ఏడాదికి ఏడాది ఉత్పాదకత మార్పును కొలిచే మాల్మ్‌క్విస్ట్ సూచీ పైకో కిందికో దూకుతుంది. ఆ సూచీని రెండు ముక్కలు చేసి చూడండి. మార్పంతా సరిహద్దు జరగడంలో కనిపించి, డిపోల సొంత సామర్థ్యం ముక్క 1 దగ్గరే ఉంటే, మారింది నియమం, డిపోలు కావు. ఆదాయం తీసేసి ప్యాసింజర్ కిలోమీటర్లతో ఇంకోసారి చేస్తే విషయం తేలిపోతుంది.

లక్షణం: భూపాలపల్లి లాంటి డిపోకు ఎలా చేసినా తక్కువే వస్తోంది

అడవి రూట్లు, పలచని ఊర్లు. డిపో మేనేజర్ వాటిని మార్చలేడు. స్కోర్లను ముందు లెక్కేసి, తర్వాత బయటి కారణాల ప్రభావం తెలుసుకోవడానికి వాటిమీద టోబిట్ రిగ్రెషన్ (హద్దులున్న అంకెలకు వాడే రిగ్రెషన్) నడపడం చాలా పేపర్లలో కనిపిస్తుంది. ఒక్కో స్కోరు మిగతా డిపోల డేటా నుంచే పుడుతుంది కాబట్టి అవి స్వతంత్రం కావని, మామూలు రిగ్రెషన్ ఇచ్చే స్టాండర్డ్ ఎర్రర్లు నమ్మదగ్గవి కావని సిమార్, విల్సన్ 2007లో చూపించారు. బూట్‌స్ట్రాప్‌తో (నమూనాలను పదేపదే తీసి లెక్కేయడంతో) కూడిన వాళ్ల పద్ధతికి కూడా చాలా యూనిట్లు కావాలి.

తొమ్మిది డిపోలకు బ్యాంకర్, మోరీ 1986లో చెప్పిన దారే నయం. రూట్లలో మంచి రోడ్ల వాటా లాంటి, డిపో చేతిలో లేని అనుకూలతను ఇన్‌పుట్‌గా చేర్చండి. కానీ దాని షరతులో తీటా (ఇన్‌పుట్లను ఎంత మేరకు తగ్గించొచ్చో చెప్పే స్కోరు) పెట్టకండి. అప్పుడు మోడల్ ఆ డిపోను అంతకన్నా మంచి రోడ్లున్న కలయికతో పోల్చదు, రోడ్లు తగ్గించుకోమనీ అడగదు. పోలిక బస్సుల దగ్గర, సిబ్బంది దగ్గర ఆగుతుంది. రోడ్ల వాటా కూడా నిష్పత్తే కాబట్టి ఈ మోడల్‌ను బీసీసీ రూపంలోనే నడపండి. వేరియబుల్ ఒకటి పెరుగుతుంది గనక మొదటి లక్షణం తిరిగొచ్చిందేమో కూడా చూసుకోండి.