పేపరు చదివే విద్య – నాలుగో పాఠం: వాక్యాన్ని తోక దగ్గర పట్టుకోవడం

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఒకే రోజు రెండు పేపర్లు కొని, ఒకే వార్త ఏ పేజీలో వచ్చింది, ఎన్ని కాలమ్‌లలో వచ్చింది, ఫొటో వేశారా లేదా అని స్కేలు పెట్టి కొలవమన్నాను. కొలిచినవాళ్లకు తెలిసే ఉంటుంది: ఒక పేపర్లో బ్యానర్ అయిన వార్త ఇంకోదాంట్లో ఎనిమిదో పేజీలో, ప్రకటనల మధ్య సింగిల్ కాలమ్‌గా పడి ఉంటుంది. కొలవనివాళ్లు ఇది చదివాక కొలిచినా నష్టం లేదు. ఇవాళ్టి పాఠం స్కేలుకు అందని పక్షపాతం గురించి.

"ఏ పేపరు ఎవరిదో టీ కొట్టు దగ్గర ఎవరినడిగినా చెబుతారు. దీనికి మళ్లీ పాఠాలెందుకండీ?" అని మా వీధిలో ఒకాయన అడిగాడు. నిజమే. కానీ ఎవరిదో తెలిశాక మనం చేసేదేమిటి? మనవాళ్ల పేపరైతే మొత్తం మింగేస్తాం, కానివాళ్లదైతే మొత్తం అవతల పారేస్తాం. రెండింట్లోనూ చదవడమన్నది లేదు. నన్నడిగితే, మనవాళ్ల గురించి నిజం చాలాసార్లు కానివాళ్ల పేపర్లోనే ముందు వస్తుంది. మనవాళ్ల ఫైళ్లు తవ్వే ఓపిక ఆ పేపరుకే ఉంటుంది మరి. ఆ నిజాన్ని మాత్రం తీసుకుని, దానికి పూసిన రంగును వదిలేయడం తెలిస్తే చాలు.

తెలుగులో ఆ రంగు ఎక్కువగా వాక్యం చివర ఉంటుంది. మన భాషలో క్రియ చివర్లో వస్తుంది కదా. మంత్రి ఏమన్నాడో అంతా చదివి, చివరి మాట దగ్గరికి వచ్చేసరికి కన్ను తర్వాతి వాక్యం మీదికి దూకేస్తుంది. మనం పట్టించుకోకపోయినా ఆ చివరి మాట దాని పని అది చేసుకుపోతుంది.

ఈ వాక్యం చూడండి. సాధన కోసం నేనే రాశాను:

"జిల్లాలో రోడ్ల మరమ్మతులకు నిధులు విడుదల చేశామని మంత్రి ______."

ఖాళీలో "అన్నారు" పెట్టండి. ఏ గొడవా లేదు. "చెప్పారు", "పేర్కొన్నారు" కూడా అంతే. "వెల్లడించారు" పెట్టండి. దాగి ఉన్న నిజమేదో మంత్రి బయటికి తెచ్చినట్టు అయింది. "స్పష్టం చేశారు" అంటే అంతకుముందు ఎవరో అనవసరంగా గందరగోళం చేశారన్నమాట. "చెప్పుకొచ్చారు" పెడితే పక్కనే రాసినవాడి నవ్వు వినిపిస్తుంది. "నమ్మబలికారు" అంటే నిధులు లేవు. "బుకాయించారు" అంటే నిధులు లేకపోగా మంత్రి దొరికిపోయాడు కూడా. మంత్రి అన్న మాటలో ఒక్క అక్షరం మారలేదు. నిధులు వచ్చాయా రాలేదా అని ఎవరూ వెళ్లి చూసి రాలేదు.

నేను ఒక జిల్లా ఎడిషన్ డెస్కులో సబ్ ఎడిటర్‌గా కొన్నేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో కంట్రిబ్యూటర్ పంపిన వార్త ఒకటి దిద్ది ఇన్‌చార్జికి ఇచ్చాను. మా పేపరుకు పడని పార్టీ ఎమ్మెల్యే మాట్లాడిన వార్త అది. చివర్లో "అన్నారు" అని ఉంది. ఇన్‌చార్జి కళ్లజోడు పైనుంచి నా వంక చూసి, "అన్నారా? ఏంటయ్యా ఆయనకంత మర్యాద?" అన్నాడు. నేను "చెప్పుకొచ్చారు" అని మార్చాను. వార్త వెళ్లిపోయింది. ఎవరూ అబద్ధం రాయలేదు, ఎవరూ ఖండన పంపలేదు. ఆ రాత్రి నేర్చుకున్నదాన్నే ఇప్పుడు మీకు తిరగేసి చెబుతున్నాను.

"బుకాయించారు" లాంటి మాటల్ని మీరే పట్టుకుంటారు, అవి అరుస్తూ ఉంటాయి. "నిప్పులు చెరిగారు", "విరుచుకుపడ్డారు", "ధ్వజమెత్తారు" అన్నవీ అంతే. పాపం ఆ నాయకుడు ప్రెస్‌మీట్‌లో కాగితం చూసి నెమ్మదిగా చదివి ఉంటాడు, పొద్దున పేపర్లో మాత్రం నిప్పులు చెరుగుతాడు. అవి శీర్షికలకు కారం. నవ్వుకుని వదిలేయండి. జాగ్రత్త పడాల్సింది మర్యాదగా కనిపించే మాటలతో: గుర్తుచేశారు, ఎత్తిచూపారు, బయటపెట్టారు, ఒప్పుకున్నారు.

వీటికి ఒక పరీక్ష ఉంది. వాక్యం చివర "కానీ అది అబద్ధం" అని తగిలించి పైకి చదవండి. "పాత ప్రభుత్వం ఖజానా ఖాళీ చేసిందని మంత్రి అన్నారు, కానీ అది అబద్ధం." బాగానే ఉంది. "పాత ప్రభుత్వం ఖజానా ఖాళీ చేసిందని మంత్రి గుర్తుచేశారు, కానీ అది అబద్ధం." ఎక్కడో రాయి తగిలింది కదూ? జరగనిదాన్ని ఎవరూ గుర్తుచేయలేరు. అంటే "గుర్తుచేశారు" అని రాసినప్పుడే, ఆ మాట నిజమని పేపరు తన పూచీ మీద చెప్పేసింది. "ఎత్తిచూపారు", "బయటపెట్టారు" కూడా ఇలాగే రాయి తగిలించే మాటలు. "ఒప్పుకున్నారు" మరీ ఘోరం. ఒక అధికారి "రెండు రోజులు ఆలస్యమైంది" అని మామూలుగా చెప్పినా, "ఆలస్యమైందని అధికారి ఒప్పుకున్నారు" అని రాస్తే ఆయన బోనులో నిలబడ్డట్టే.

"ఆరోపించారు" ఈ పరీక్షలో సులువుగా గట్టెక్కుతుంది. అందుకే అది న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఒక వారం పాటు లెక్క రాయండి. ఒకే పేపర్లో ఒక పార్టీవాళ్లు ఎప్పుడూ "ఆరోపిస్తూ", ఇంకో పార్టీవాళ్లు ఎప్పుడూ "బయటపెడుతూ" ఉంటే, ఆ లెక్క మీకు చాలా చెబుతుంది.

ఇక ఎవరూ అనని మాటలు. "తెలిసింది", "తెలుస్తోంది", "సమాచారం", "చర్చ జరుగుతోంది", "అనుమానాలు వ్యక్తమవుతున్నాయి." ఇవన్నీ ఒకటే అనుకుంటాం గానీ డెస్కులో వీటికి మెట్లు ఉంటాయి. మా దగ్గర ఉన్న లెక్క చెబుతాను. "తెలిసింది" అంటే ఎవరో ఒకరు రిపోర్టరుకు చెప్పారు, పేరు రాయొద్దన్నారు. "తెలుస్తోంది" అంటే సగం చెప్పారు, మిగతా సగం రిపోర్టరు అల్లుకున్నాడు. "చర్చ జరుగుతోంది" అంటే క్యాంటీన్‌లో విన్నాడు, లేదా క్యాంటీన్‌లో తనే మొదలుపెట్టాడు. "అనుమానాలు వ్యక్తమవుతున్నాయి" దగ్గర మాత్రం ఆగండి. ఎవరి అనుమానాలు? ఎక్కడ వ్యక్తమయ్యాయి? వెనక్కి వెళ్లి వార్త మొత్తం వెతకండి. ఒక్క మనిషి పేరు, ఒక్క సంఘం పేరు, ఒక్క కాగితం కనిపించకపోతే ఆ అనుమానం పేపరుదే. సంపాదకీయంలో ఉండాల్సిన వాక్యం వార్తలోకి వచ్చి కూర్చుంది.

కర్త మాయమైన వాక్యం ఇంకో రకం. 2007 జులై 28న ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమి కోసం, ఇళ్ల స్థలాల కోసం బంద్ జరుగుతుండగా పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. దీన్ని మూడు రకాలుగా రాసి చూద్దాం:

కాల్పుల్లో ఏడుగురు మృతి.
పోలీసు కాల్పుల్లో ఏడుగురు మృతి.
ఏడుగురిని కాల్చి చంపిన పోలీసులు.

మూడింట్లోనూ అబద్ధం లేదు. మొదటిదాంట్లో తుపాకి దానంతటదే పేలింది. రెండోదాంట్లో పోలీసులు ఉన్నారు గానీ "కాల్పులు" అనే మాటకు విశేషణంగా తగ్గిపోయారు. మూడోదాంట్లో మనుషులు మనుషుల్ని చంపారు. "లాఠీఛార్జి జరిగింది", "ఉద్రిక్తత చోటుచేసుకుంది", "విద్యుత్ చార్జీలు పెరిగాయి" అన్నవి మొదటి జాతివి. చార్జీలు వాటంతటవి పెరగవు. ఎవరో సంతకం పెడతారు.

ఒక్కోసారి క్రియ కూడా అక్కర్లేదు, ఒక్క నామవాచకమే వార్తను మోసేస్తుంది. "ఎదురుకాల్పులు" అన్న మాట తీసుకోండి. అటు నుంచి కాల్చారు కాబట్టి ఇటు నుంచి కాల్చారు అనే కథ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ఘటన జరిగిన గంటకు అక్కడ కాల్చినవాళ్లు తప్ప సాక్షులే ఉండరు. అయినా అందరూ ఆ మాటే వాడతాం. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) నిందితులు నలుగురు పోలీసుల చేతిలో చనిపోయారు. ఆ పొద్దున జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. నిందితులు కాల్పులు జరిపారన్న వాదన నమ్మదగ్గది కాదని, పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ తేల్చింది.

"తేల్చింది" అన్నాను, గమనించారా? అది కూడా ముద్ర వేసే మాటే. కమిషన్ చెప్పేది సిఫార్సు, తీర్పు కాదు. విషయాన్ని సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. కాబట్టి "అభిప్రాయపడింది" అని నేను దిద్దుకోవాలి. పాఠం చెప్పేవాడి వాక్యాలకు కూడా ఎర్ర గీత పెట్టండి.

ఇంత చాటుగా ఎందుకు రాస్తారు, నేరుగా రాయొచ్చు కదా అంటే, కారణం పక్షపాతం ఒక్కటే కాదు, భయం కూడా. నేరుగా వాడిన మాటకు ఖరీదు ఉంటుంది. 1983లో శాసనమండలిలో జరిగినదాన్ని ఈనాడు శీర్షికలో "గలభా" అంది. మండలి దాన్ని సభాహక్కుల ఉల్లంఘనగా తీసుకుంది. మరుసటి ఏడాది సంపాదకుడు రామోజీరావును అరెస్టు చేసి సభ ముందు నిలబెట్టే దాకా వ్యవహారం వెళ్లింది, సుప్రీంకోర్టు అడ్డుకోవడంతో ఆగింది. ఒక్క మాటకే అంత. ఆంధ్రప్రదేశ్‌లో 2007లో 938, 2019లో 2430 నంబరు జీవోలు వచ్చాయి. నిరాధారమైన వార్తలు రాశారంటూ మీడియా మీద కేసులు పెట్టే అధికారాన్ని అధికారుల చేతికి ఇచ్చిన జీవోలు అవి. తండ్రి రాజశేఖరరెడ్డి ప్రభుత్వంలో ఒకటి, కొడుకు జగన్ ప్రభుత్వంలో ఒకటి. రెండిటికీ జర్నలిస్టు సంఘాలు అడ్డం తిరిగాయి. "నిరాధారం" అని నిర్ణయించేది ఎవరన్నదే అక్కడ తగాదా. ఇలాంటివి నెత్తిమీద ఉన్నప్పుడు డెస్కులో చెయ్యి "ఆరోపించారు" దగ్గరికి, "తెలిసింది" దగ్గరికి దానంతటదే పోతుంది. అందుకని ప్రతి "తెలిసింది"నీ కుట్ర అనుకోకండి. కొన్ని కుట్రలు, కొన్ని గొడుగులు. గొడుగు కింద సాధారణంగా ఒక తేదీ, ఒక ఫైలు నంబరు, ఒక మొత్తం లాంటివి ఉంటాయి. కుట్ర కింద విశేషణాలు ఉంటాయి.

ఈ వారం పని. మీకు నచ్చే పేపరు ఒకటి, అస్సలు పడనిది ఒకటి తీసుకోండి. ఒకే ప్రెస్‌మీట్ లేదా ఒకే సభ వార్తను రెండింట్లోంచి కత్తిరించండి. ప్రతి వాక్యం చివరి మాట కింద ఎర్ర గీత గీయండి. వాటన్నిటినీ కొట్టేసి "అన్నారు" అని రాయండి. కర్త లేని ప్రతి క్రియ పక్కన "ఎవరు?" అని రాయండి. ఎవరూ అననివాటిని మొత్తం కొట్టేయండి. మిగిలినదాన్ని తెల్ల కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ ఉన్నది ఒక జాబితా, ఒకదాంట్లోనే ఉన్నది ఇంకో జాబితా. రెండో జాబితా జాగ్రత్తగా దాచుకోండి, వచ్చే పాఠానికి కావాలి. మొదట మీకు నచ్చే పేపరుతో మొదలుపెట్టండి. పడనిదాంతో మొదలుపెడితే చెయ్యి మరీ హుషారుగా కదులుతుంది.

వచ్చే పాఠం పేపర్లో రాని వార్తను చదవడం గురించి. అందుకు ఎమర్జెన్సీ పెట్టిన మూడో రోజు, 1975 జూన్ 28 నాటి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయాన్ని తీసుకుందాం. అందులో ఒక్క అక్షరం కూడా లేదు.