హిమోగ్లోబిన్ మీటరు అంకె మీద నమ్మకం కుదరనప్పుడు

ఒకే మనిషికి ఐదు నిమిషాల తేడాలో ఒకసారి 9.4, ఇంకోసారి 10.8 (డెసిలీటరు రక్తానికి గ్రాములు) వస్తే మీటరు పాడైందనుకుంటాం. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు వేలి దగ్గరే జరుగుతుంది. అందుకే మీటరు కన్నా ముందు రక్తపు చుక్కను అనుమానించండి.

అంకె తక్కువగా వస్తోంది, మళ్లీ చేస్తే మారిపోతోంది

మొదటి కారణం వేలిని పిండడం. పోటు లోతుగా పడక చుక్క రాకపోతే గట్టిగా నొక్కుతాం. అప్పుడు రక్తంతోపాటు చర్మం కింది నీరూ వచ్చి కలుస్తుంది, రక్తం పలచబడుతుంది. స్పిరిట్ తడి ఆరకముందే పొడిచినా ఇదే గొడవ.

చేయి చల్లగా ఉంటే ముందు వెచ్చబరచండి. మధ్య వేలు గానీ ఉంగరం వేలు గానీ తీసుకుని, కొసకు కాస్త పక్కగా, ఒక్క పోటుతో సరిపోయేలా పొడవండి. మొదటి రెండు మూడు చుక్కలు తుడిచేసి, ఆ తర్వాత దానంతట అదే ఊరిన పెద్ద చుక్కకు క్యూవెట్ (రక్తాన్ని పీల్చుకుని మీటరులో పెట్టే చిన్న ప్లాస్టిక్ పలక) ఆనించండి. అది ఒక్కసారికే నిండాలి. సగం నిండితే పైన ఇంకో చుక్క కలపకండి, పారేసి కొత్తది తీయండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి: కాంతి దూరే చోట గాలి బుడగ ఉంటే అంకె తగ్గిపోతుంది. ఈ ఒక్క చూపు ఎవరూ మానకూడదు. లేని రక్తహీనతను ఒకరికి అంటగట్టడం చిన్న తప్పు కాదు.

అంకె ఎక్కువగా వస్తోంది

క్యూవెట్ బయటి గోడకు రక్తం అంటుకుని ఉండొచ్చు. తుడవండి, కానీ దూది తెరిచి ఉన్న అంచుకు తగిలితే లోపలి రక్తాన్ని పీల్చేస్తుంది. ట్యూబులో తీసిన రక్తమైతే కణాలు అడుగుకు దిగి ఉంటాయి. ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేసి కలిపాకే చుక్క తీయండి.

అందరికీ ఒకే వైపు తేడా

ఇప్పుడు మీటరునూ క్యూవెట్లనూ అనుమానించవచ్చు. హీమోక్యూ కంపెనీ మీటర్లలో 201 రకానికి క్యూవెట్ లోపలి పొడి ఎర్రకణాలను పగలగొట్టి, హిమోగ్లోబిన్ రూపం మారుస్తుంది. మీటరు 570, 880 నానోమీటర్ల కాంతితో కొలుస్తుంది. రెండోది రక్తపు మసకను సరిచేయడానికి. ఆ పొడికి తేమ పడదు. డబ్బా మూత తీసి పెట్టి పనిచేయడమే చాలాచోట్ల అసలు జబ్బు. మూత తెరిచిన తేదీ డబ్బా మీద రాయండి, మూడు నెలలు దాటితే వాడకండి. 301 రకం క్యూవెట్లో పొడే ఉండదు, తేమ ఎక్కువున్న చోట అదే నయం.

తర్వాత కంట్రోల్ ద్రవంతో (అంకె ఏ పరిధిలో రావాలో ముందే తెలిసిన ద్రవం) పరీక్షించండి. కొత్త క్యూవెట్‌తో కూడా అంకె దాని పరిధిలోకి రాకపోతే, కటకం శుభ్రం చేసి మళ్లీ చూడండి. అప్పటికీ కుదరకపోతే సర్వీసుకు పంపాల్సిందే.

మీటరు ఎర్రర్ చూపిస్తోంది

చాలావరకు కటకం మీద ఎండిన రక్తమో, బ్యాటరీ అయిపోవడమో.

అంకె సరైనదే, తీర్పు తప్పు

112 అని చూసి కంగారు పడకండి; లీటరుకు గ్రాముల్లో ఉంటే అది డెసిలీటరుకు 11.2. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 హద్దుల ప్రకారం పురుషులకు 13, గర్భం లేని స్త్రీలకు 12 కన్నా తగ్గితే రక్తహీనత. గర్భిణులకు 11, కానీ మధ్య మూడు నెలల్లో 10.5. ఎత్తైన ప్రాంతాల్లో ఉండేవారికీ పొగ తాగేవారికీ అంకె సహజంగానే పెరుగుతుంది, సర్దుబాటు చేయకపోతే రక్తహీనత దాక్కుంటుంది.

హద్దుకు అటూ ఇటూ ఊగే అంకె వస్తే నరం నుంచి రక్తం తీసి ల్యాబు యంత్రంలో చూపించండి. గర్భిణికి 7 లోపు వచ్చి ఆయాసం కూడా ఉంటే మాత్రం మీటరును పరీక్షిస్తూ కూర్చోకండి. ముందు ఆమెను ఆసుపత్రికి పంపండి.