ఒంట్లో బలం లేని రోజున ప్రార్థన ఎలా చేసుకోవాలంటే

పక్షవాతం వచ్చాక నా కుడిపక్క చెయ్యీ కాలూ మాట వినడం మానేశాయి. విశాఖ పోర్టులో బరువులు ఎత్తిన చెయ్యది. కంచరపాలెంలో మా ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "విశ్వాసం గట్టిగా పట్టుకో బాబూ." ఎలా పట్టుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు తెలిసింది చెబుతాను.

బాగుచెయ్యమని దేవుణ్ని అడగండి, మొహమాటం వద్దు. అపొస్తలుడు పౌలు తనను బాధించే ఏదో ఒకదాన్ని "శరీరంలోని ముల్లు" అన్నాడు, దాన్ని తీసెయ్యమని ముమ్మారు వేడుకున్నాడు. ఆ ముల్లేమిటో రాయలేదు, పోయిందనీ రాయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు ఉంది, బైబిల్లో 2 కొరింథీ పత్రిక 12వ అధ్యాయంలో. జబ్బు తగ్గకపోతే విశ్వాసం చాలలేదనేవాళ్ల చేత ఆ అధ్యాయం చదివించండి. అడిగేటప్పుడు డొంకతిరుగుడు వద్దు. "చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నాను, సిగ్గేస్తోంది తండ్రీ" అన్నా ప్రార్థనే.

నీరసంగా ఉంటే ముందు తిని, బీపీ మాత్ర వేసుకుని పడుకోండి. అలసిపోయి చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత ప్రసంగం చెయ్యలేదు, రొట్టె, నీళ్లు పెట్టాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. కేజీహెచ్‌లో, అంటే మా విశాఖ పెద్దాసుపత్రిలో, ఫిజియోథెరపీ ఎగ్గొట్టి ఉపవాస ప్రార్థనకు కూర్చోవడం నా లెక్కలో భక్తి కాదు.

మాటలు రాకపోతే కీర్తన చదవండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అదీ బైబిల్లోదే. ఒంటిచేత్తో చదివేవాళ్లకో మాట: ఆ పల్చటి కాగితాలు ఫ్యాను గాలికి ఆగవు, బట్టల క్లిప్పు పెట్టుకోండి.

అన్నిటికన్నా కష్టం సాయం అడగడం. యుద్ధం జరుగుతుంటే కొండ మీద పైకెత్తి ఉంచిన మోషే చేతులు బరువెక్కితే అహరోను, హూరు చెరోపక్క నిలబడి పొద్దుగూకేదాకా పట్టుకున్నారు. "నాకోసం ప్రార్థించండి" అంటే అందరూ తలూపి వెళ్లిపోతారు. మనిషిని చూసుకుని పని చెప్పండి. చర్చిలో ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే చోటు) దగ్గర మోకరిస్తే నేను లేవలేను. మా సంఘపెద్ద ఒకాయన్ని పక్కనే ఉండమన్నాను, చంకలో చెయ్యేసి లేపుతాడు. మొదట్లో ఇద్దరం తూలేవాళ్లం.

సాక్ష్యం, అంటే దేవుడు మీకేం చేశాడో సంఘం ముందు చెప్పడానికి, స్వస్థత దాకా ఆగకండి. చెయ్యి లేవకుండానే నేను నిలబడి చెప్పాను. డయాలసిస్ చేయించుకుంటున్న ఒకావిడ గుమ్మం దగ్గర ఆగి, "అన్నయ్యగారూ, రాత్రిళ్లు భయమేస్తే ఏం చేస్తారు?" అంది. చెయ్యి బాగున్నన్నాళ్లూ నన్నెవరూ ఇలాంటివి అడగలేదు. మిమ్మల్ని అడిగితే ఫోన్ నంబరు తీసుకోండి. నిద్ర పట్టని రాత్రి ఒకరు చదవొచ్చు, ఒకరు వినొచ్చు.