ఫోను చెడిపోలేదు, ఏదో మీట నొక్కుకుంది

మా మేనత్త ఫోను ఒకరోజు ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టింది. ఏది తాకినా దాని పేరు చదువుతుంది, కానీ తెరవదు. స్క్రీన్‌ను వేలితో పైకి తోస్తే కదలదు. వీధి చివరి మరమ్మతు దుకాణంలో చూపిస్తే డిస్‌ప్లే మార్చాలన్నారట. అత్తయ్య డబ్బు కట్టే ముందు పక్కింటివాళ్ల ఫోను నుంచి నాకు కాల్ చేయడం మంచిదయింది. రెండు వాల్యూమ్ బటన్లనూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకోమన్నాను. మాటలు ఆగిపోయాయి.

అప్పటి నుంచి మా బంధువర్గానికి ఫోన్ల వైద్యుణ్ణి నేనే. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో చాలావాటికి ఏ భాగమూ మార్చనక్కరలేదు. ఎవరి అవసరం కోసమో పెట్టిన సదుపాయం ఒకటి మన చేతుల్లో తెలియకుండా ఆన్ అయి ఉంటుంది, అంతే. అందుకే జబ్బుకు మందు చెప్పి ఊరుకోకుండా, ఆ సదుపాయం మనకెలా పనికొస్తుందో కూడా రాస్తున్నాను. ఇవన్నీ ముఖ్యంగా ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతులు. కంపెనీని బట్టి మెనూ పేర్లు కొద్దిగా మారతాయి. కనిపించకపోతే సెట్టింగ్స్‌లో పైన ఉండే సెర్చ్‌లో ఆ పేరు టైపు చేయండి.

"తాకితే మాట్లాడుతోంది, తెరుచుకోవడం లేదు"

కారణం: టాక్‌బ్యాక్. చూపు లేనివారు ఫోను వాడుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. జేబులోనో సంచిలోనో రెండు వాల్యూమ్ బటన్లూ కలిసి నొక్కుకుపోయి, ఆపైన వచ్చిన ప్రశ్నకు చదవకుండా సరే అనేస్తే ఆన్ అవుతుంది.

పరిష్కారం: అవే రెండు బటన్లను మళ్లీ నొక్కి పట్టుకోండి. అలా ఆగకపోతే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆపాలి. అయితే అక్కడికి వెళ్లడమే కష్టం, ఎందుకంటే ఇప్పుడు ఫోనుకు వేరే నియమాలున్నాయి. కావలసినదాన్ని ఒకసారి తాకితే దాని చుట్టూ గీత పడుతుంది, వెంటనే రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. పేజీ జరగాలంటే రెండు వేళ్లతో తోయాలి. ఈ మూడూ తెలియకపోతే ఎంతటివారికైనా చెమటలు పడతాయి.

ఇదే యాక్సెసిబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ అనే మరొకటి ఉంది. అది ఫోనును మార్చేయదు, మనం చూపించిన వాక్యాలను మాత్రమే చదివి వినిపిస్తుంది. గూగుల్ గొంతుల్లో తెలుగు కూడా ఉంది. శుక్లాల ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు అత్తయ్య దినపత్రిక వార్తలన్నీ ఇలాగే విన్నారు. పేర్లు పలకడంలో దాని తెలుగు అక్కడక్కడా తడబడుతుంది, వార్తకు మాత్రం లోటు రాదు.

"అక్షరాలు భూతద్దంలో చూసినంత అయ్యాయి, బయటికి రాలేకపోతున్నాను"

అది భూతద్దమే. మ్యాగ్నిఫికేషన్ అంటారు. చాలా ఫోన్లలో స్క్రీన్ మీద వరుసగా మూడుసార్లు తడితే మామూలవుతుంది. ఐఫోనులో అయితే మూడు వేళ్లు కలిపి రెండుసార్లు తట్టాలి.

"రాత్రయితే బొమ్మ నలుపు తెలుపైపోతోంది"

పాత టీవీలా రంగులు పోతే స్క్రీన్ పోయిందనుకుంటారు. తెల్లారాక రంగులు వాటంతటవే వచ్చేస్తుంటే ఇక అనుమానం అక్కరలేదు, అది బెడ్‌టైమ్ మోడ్. డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఉంటుంది. రంగులు తగ్గితే ఫోను మీద మోజు తగ్గి మనిషి నిద్రపోతాడని దాని ఉద్దేశం. పగలు కూడా అలాగే ఉంటే యాక్సెసిబిలిటీలో కలర్ కరెక్షన్ చూడండి. మా ఇంట్లో పదో తరగతి పిల్లవాడి ఫోనుకు ఈ నలుపు తెలుపును నేనే కావాలని పెట్టాను. వాడు రెండో రోజుకే తీసేశాడు, అది వేరే సంగతి.

"కాల్స్ వస్తున్నాయి, మోగడం లేదు"

పైన నోటిఫికేషన్ల వరుసలో చంద్రవంకో, అడ్డగీత ఉన్న గుండ్రటి గుర్తో ఉందేమో చూడండి. ఉంటే అది ఫోను మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్. దాన్ని ఆపడం ఎవరైనా చేస్తారు. కానీ మర్నాడు రాత్రి మళ్లీ వస్తుంది, ఎందుకంటే లోపల షెడ్యూల్ ఒకటి ఉంటుంది. దాన్ని కూడా తీసేయాలి.

తీసేయకుండా సరిగా అమర్చుకోవడం ఇంకా మంచిదని నా అభిప్రాయం. ఇందులో రిపీట్ కాలర్స్ అనే మీట ఉంది. అది ఆన్‌లో ఉంటే ఒకే మనిషి 15 నిమిషాల్లోపు రెండోసారి చేస్తే ఫోను మోగుతుంది. ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల నంబర్లకు కాంటాక్ట్స్‌లో నక్షత్రం గుర్తు పెట్టి, నక్షత్రం ఉన్నవారికి అనుమతి ఇస్తే వారి మొదటి కాల్‌కే మోగుతుంది. మిగతావారెవరూ మీ నిద్ర చెడగొట్టరు.

అలారం మోగడం లేదన్నది దీనికి తమ్ముడు లాంటి ఫిర్యాదు. అలారానికి వేరే వాల్యూమ్ ఉంటుంది. రింగు గట్టిగా ఉందని అలారం కూడా గట్టిగా మోగదు.

"వీడియో కాల్‌లో నా ముఖం నల్లగా, నా మాట మూగగా"

2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి, పైనుంచి కిందికి లాగే పలకలో కెమెరాకు ఒకటి, మైక్‌కు ఒకటి మీటలు వచ్చాయి. ఆపేస్తే ఏ యాప్‌కూ అవి అందవు. టార్చి వేయబోయి పక్కనున్నది నొక్కేస్తుంటారు. అవి ఆన్‌లోనే ఉన్నా మాట వెళ్లకపోతే ఫోను అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని కొత్త కవరు మూసేసిందేమో చూడండి.

అవతలి మాట మనకు వినపడకపోతే మాత్రం దోషి బ్లూటూత్. పక్కగదిలోని నెక్‌బ్యాండ్ మీ బదులు వింటూ ఉంటుంది.

"ఒక్క యాప్‌లోనే ఇరుక్కుపోయింది"

వెనక్కి రాదు, హోమ్ నొక్కినా కదలదు. ఫోనును ఒక్క యాప్‌కే కట్టేసే యాప్ పిన్నింగ్ పడింది. కింద మూడు బటన్లున్న ఫోనయితే బ్యాక్, రీసెంట్స్ (ఇటీవల తెరిచిన యాప్‌లను చూపేది) రెండింటినీ కలిపి నొక్కి పట్టుకోండి. బటన్లు లేనిదయితే అడుగు నుంచి పైకి జరిపి కాసేపు పట్టుకోండి.

నన్నడిగితే ఫోనులోకెల్లా పనికొచ్చే దాపరికం ఇదే. బస్టాండులో ఎవరో ఒక్క కాల్ చేసుకుంటామని అడుగుతారు, ఇవ్వకపోతే బాధ, ఇస్తే భయం. డయలర్‌ను పిన్ చేసి ఇస్తే చాలు, బ్యాంకు యాప్ జోలికి వెళ్లలేరు. పిల్లలకు బొమ్మల వీడియో ఇచ్చేటప్పుడూ అంతే. సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో దీన్ని ఆన్ చేసి, తీసేటప్పుడు పిన్ నంబరు అడిగేలా పెట్టడం మరవకండి. లేదంటే తాళం వేసి తాళంచెవి గుమ్మానికే వదిలినట్టు.

"నాకు చేస్తే ఇంకెవరో ఎత్తుతున్నారట"

ఇది నవ్వి వదిలేసేది కాదు. కారణం కాల్ ఫార్వర్డింగ్, అంటే మీకొచ్చే కాల్స్‌ను వేరే నంబరుకు మళ్లించే ఏర్పాటు. మీరే ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటే సరే. కానీ కొరియర్ అనో, సిమ్ ఆగిపోతుందనో ఎవరైనా ఫోన్ చేసి, స్టార్ 401 స్టార్‌తో మొదలయ్యే నంబరు కొట్టమన్నారా? కొట్టి ఉంటే మీ కాల్స్ అన్నీ వాళ్లకు వెళుతుండవచ్చు. వాట్సాప్ ధ్రువీకరణ సంఖ్యను కాల్ ద్వారా చెప్పించుకునే వీలుంది కాబట్టి మీ వాట్సాప్ వాళ్ల చేతికి పోవచ్చు.

ముందు *#21# డయల్ చేసి, ఫార్వర్డింగ్ ఉందో లేదో చూడండి. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి, ఎల్లప్పుడూ అన్న వరుసను ఆపేయండి. ##002# డయల్ చేస్తే చాలా నెట్‌వర్క్‌లలో అన్ని రకాలూ రద్దవుతాయి. కాకపోతే 198కి చేసి మీ నెట్‌వర్క్ వారినే తీయమనండి. బిజీగా ఉన్నప్పుడు, సిగ్నల్ లేనప్పుడు అన్న వరుసల్లో కొన్నిసార్లు నెట్‌వర్క్ వారి నంబరే ఉంటుంది, దానికి కంగారుపడకండి. డబ్బు పోయినట్టు తేలితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పాలి.

"ఏమీ తెరవకుండానే ప్రకటనలు"

ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతిని ఏదో ఉచిత యాప్ దుర్వినియోగం చేస్తోంది. నేను పట్టుకున్న దొంగల్లో ఎక్కువ టార్చి, వాల్‌పేపర్, ఫోను శుభ్రం చేస్తామనే యాప్‌లే. ప్రకటన పడిన క్షణంలోనే రీసెంట్స్ తెరవండి, దొంగ పేరు చాలాసార్లు అక్కడ ఉంటుంది. తీసేయండి. ప్రకటనలు ఊపిరాడనివ్వకపోతే పవర్ మెనూలోని ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. మీరు వేసుకున్న యాప్‌లన్నీ నిద్రపోతాయి, నింపాదిగా తీసేయవచ్చు.

"చార్జర్ వదులుగా ఉంది, అప్పుడప్పుడు ఎక్కదు"

దీనికి మీటలేమీ కారణం కాదు. చొక్కా జేబులోని దూది పోగులు చార్జింగ్ రంధ్రంలో చేరి గట్టిపడతాయి, కేబుల్ చివరిదాకా దిగదు. ఫోను ఆపేసి చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంట మెల్లగా తీయండి. సూది, గుండుసూది వాడవద్దు, లోపలి పిన్నులు వంగుతాయి. తీశాక కేబుల్ టక్కున కూర్చుంటే సరే. వేరే కేబుల్‌తో కూడా ఎక్కకపోతేనే దుకాణానికి వెళ్లండి.