వంశ చిహ్నాల ఇంగ్లీషు పింగాణీ – నాలుగో పాఠం: డాలుకు కుడి ఏది?

పోయినసారి అభ్యాసంలో ఒక వూస్టర్ ప్లేటు (వూస్టర్ ఇంగ్లండ్‌లో పింగాణీకి పేరున్న ఊరు) ఇచ్చి, దాని మీద డాలు ఆకారంలో వేసిన వంశ చిహ్నంలో ఏ సగం భర్తదో, ఏది భార్యదో చెప్పమన్నాను. చాలామంది భార్య పుట్టింటి గుర్తును భర్తకు అంటగట్టారు. అక్కడ పొరబడితే ఆ తర్వాత వెతికే ఇంటిపేరు, పెళ్లి సంవత్సరం, ప్లేటు వయసు అన్నీ తప్పుతాయి. అందుకే బంగారు పూత పాఠాన్ని వచ్చేసారికి వాయిదా వేశాను.

డాలు మీద కుడి ఎడమలు చూసే మనవి కావు, డాలు పట్టుకుని మనకు ఎదురుగా నిలబడ్డవాడివి. అతని కుడి మనకు ఎడమ. డాలును నిలువుగా రెండు సగాలు చేస్తే, మనకు ఎడమన కనిపించేది భర్తది, కుడిన కనిపించేది భార్య పుట్టింటిది. అర్ధనారీశ్వరుడి విగ్రహాన్ని తలచుకోండి: శివుడి సగం మనకు ఎడమన, అమ్మవారి సగం కుడిన. వేలం కేటలాగుల్లోనూ ఇదే లెక్క. డాలు కుడి సగంలో సింహం అని రాసి ఉంటే, ప్లేటు మీద ఎడమన వెతకండి. ఫొటో తిరగబడి అచ్చయిందేమోనని కంగారు పడొద్దు.

రెండు సగాలు కనబడగానే పెళ్లి అని తేల్చేయకండి. పైన బిషప్ టోపీ ఉంటే, ఎడమన కనిపించేది ఆయన మతపీఠానిది, కుడిన ఉన్నది ఆయన సొంతం. డాలు నడుమ ఇంకో చిన్న డాలు ఉంటే, పుట్టింటి చిహ్నానికి భార్యే వారసురాలు. డాలు బదులు డైమండ్ ఆకారం ఉంటే అది స్త్రీది. అందులో భర్త సగం, పుట్టింటి సగం పక్కపక్కన ఉంటే ఆమె వితంతువు.

ఇక ముద్ర. ప్లేటు అడుగున కిరీటం, దాని కింద ఎఫ్‌బీబీ అని మట్టిలోకి నొక్కిన అక్షరాలు ఉంటే అది వూస్టర్‌లోని ఫ్లైట్, బార్ అండ్ బార్ అనే పింగాణీ సంస్థది, 1813–1840 నాటిది. మీరు పట్టుకున్న జంట పెళ్లి 1845లో అయితే, ఆ జంట కాదు. లేదా పాత ప్లేటు మీద చిహ్నం తర్వాత వేయించారు. చిహ్నం చుట్టూ గ్లేజును, అంటే పింగాణీ మీది గాజులాంటి మెరుపు పూతను, భూతద్దంతో చూడండి. వాడకంలో పడ్డ పాత గీతల మీదుగా చిహ్నం రంగు పరుచుకుని ఉంటే నేను కొనను.

డాలు లేకుండా క్రెస్ట్, అంటే మామూలుగా డాలు పైన ఉండే చిన్న గుర్తు, ఒక్కటే ఉన్న ప్లేట్ల జోలికీ నేను పోను. ఒకే క్రెస్టును ఎన్నో కుటుంబాలు వాడాయి, దాన్నిబట్టి ఇంటిపేరు తేలదు.

అభ్యాసం: విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెబ్‌సైట్‌లో రెండు సగాల డాలున్న ప్లేట్లు మూడు తీసుకోండి. వివరణ చదవకుండా డాలును చేత్తో గీసి, ఏ సగం ఎవరిదో రాయండి. ఆ తర్వాతే వివరణతో సరిపోల్చండి. మూడూ సరిపోయేదాకా అయిదో పాఠం తెరవకండి.